ఈత్0 మాయమైతే: పాత నెట్‌వర్క్ పేరును వెనక్కి తెచ్చుకోవడం ఎలా

"అన్నా, సర్వర్ లేచింది గానీ నెట్ రావట్లేదు. ఈత్0 అనే డివైజే లేదంటోంది."

ఒక ఆఫీసు నుంచి రాత్రి పదకొండు దాటాక వచ్చిన ఫోన్ ఇది. అదే మెషీన్ మీద పాత లైనక్స్ తీసేసి కొత్త వెర్షన్ ఎక్కించారు. పాత స్క్రిప్టులన్నీ జాగ్రత్తగా కాపీ చేసి పెట్టారు. ఫైర్‌వాల్‌ది, రాత్రి బ్యాకప్‌ది, నెలకు ఎంత డేటా వాడారో లెక్కగట్టేది, అన్నిట్లోనూ నెట్‌వర్క్ కార్డు పేరు ఈత్0 అనే ఉంది. కొత్త సిస్టమ్‌లో మాత్రం అదే కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 అయి కూర్చుంది. నెట్ లేదు కాబట్టి నేను ఇంటి నుంచి లాగిన్ కాలేను. కమాండ్లన్నీ ఫోన్‌లో చదివి చెబుతుంటే అక్కడున్న కుర్రాడు టైప్ చేశాడు.

ఇక్కడా అలాగే చెబుతాను. కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి, పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను. చుక్కలు, హైఫన్లు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే. అన్నీ రూట్‌గా (అంటే అడ్మిన్ ఖాతాలో) గానీ, ఆ హక్కులిచ్చే సుడో కమాండ్‌తో గానీ నడపాలి.

పేరు మార్చింది ఎవరో ముందు తేల్చుకోండి

చాలామంది కెర్నల్‌ను, అంటే లైనక్స్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్‌ను, తిడతారు. దాని తప్పేమీ లేదు. మొదట కనిపించిన ఈథర్‌నెట్ కార్డుకు అది ఇవాళ్టికీ ఈత్0 అనే పేరే పెడుతుంది. యూజర్ ప్రోగ్రాములు చెడిపోయే మార్పు కెర్నల్‌లో చేయకూడదని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎప్పటినుంచో గట్టిగా పట్టుబడతాడు. కానీ ఆ పట్టుదల కెర్నల్ గడప వరకే. కెర్నల్ తర్వాత లేచే, డివైజులను చూసుకునే యూడెవ్ అనే ప్రోగ్రామ్ ఆ పేరును తీసేసి వేరే పేరు తగిలిస్తుంది. యూడెవ్, సిస్టమ్‌లోని సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డీలో భాగం. ఈ కొత్త పేర్ల పద్ధతి సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో 2013 జనవరిలో వచ్చింది. 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7, 2015లో ఉబుంటు 15.10, 2017లో డెబియన్ 9 దాన్ని అందుకున్నాయి. అమెజాన్ లైనక్స్ 2 వెర్షన్ నుంచి 2023 వెర్షన్‌కు మారినవాళ్లకు ఇదే దెబ్బ ఈఎన్‌ఎస్5 అనే పేరుతో తగిలింది.

మీ మెషీన్‌లో జరిగింది ఇదేనా అని చూడడానికి ఈ ఒక్క కమాండ్ చాలు:

డీమెస్గ్ | గ్రెప్ రీనేమ్డ్

డీమెస్గ్ అంటే డి, ఎం, ఇ, ఎస్, జి. వచ్చిన వరుసలో కొత్త పేరు, దాని పక్కన "ఈత్0 నుంచి పేరు మారింది" అనే అర్థం వచ్చే మాటలు కనిపిస్తే ఈ వ్యాసం మీకోసమే. ఏమీ రాకపోతే కార్డు డ్రైవరే ఎక్కి ఉండకపోవచ్చు, అది వేరే జబ్బు.

కొత్త పేరు చూడ్డానికి పిచ్చిగా ఉంటుంది గానీ చదవడం తెలిస్తే అర్థముంది. ఈఎన్ అంటే ఈథర్‌నెట్. డబ్ల్యూఎల్ అయితే వైఫై. పీ3 అంటే పీసీఐ బస్సు మూడు, ఎస్0 అంటే స్లాటు సున్నా. ఈఎన్‌ఓ1 అంటే మదర్‌బోర్డు మీదే ఉన్న కార్డు. ఈఎన్‌ఎక్స్ అని మొదలై వెనక పన్నెండు అక్షరాల తోక ఉంటే ఆ తోక కార్డు మ్యాక్ అడ్రస్సే, అంటే ఆ కార్డుకు తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్య. యూఎస్‌బీ కార్డులకు ఎక్కువగా ఇది వస్తుంది. లైనక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. మూడూ పన్నెండూ కలిపితే సరిగ్గా పదిహేను!

ఎందుకు మార్చారంటే దానికో గట్టి కారణముంది. రెండు కార్డులున్న మెషీన్‌లో కెర్నల్‌కు ఏది ముందు కనిపిస్తే అది ఈత్0. ఇవాళ ఒకటి ముందు లేస్తుంది, రేపు రెండోది లేస్తుంది. ఫైర్‌వాల్ మెషీన్‌లో అలా జరిగితే ఆఫీసు వైపు కార్డు బయటిదవుతుంది, ఇంటర్నెట్ వైపుది లోపలిదవుతుంది. అందుకని కార్డు ఎక్కడ గుచ్చి ఉందో దాన్నిబట్టి పేరు పెట్టారు. ఒక్క కార్డే ఉన్న మెషీన్‌కు మాత్రం దీనివల్ల ఒరిగింది తక్కువ, పోయింది ఎక్కువ అని నా అభిప్రాయం. పైగా కొత్తగా గ్రాఫిక్స్ కార్డో ఎన్‌వీఎంఈ డిస్కో పెడితే బస్సు నంబరు జరిగి, ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 కావచ్చు.

ఈ రాత్రికి పని నడవాలి

ముందు కార్డుల జాబితా చూడండి:

ఐపీ -బీఆర్ లింక్

పేరు, స్థితి, మ్యాక్ అడ్రస్ వరుసగా వస్తాయి. మ్యాక్ అడ్రస్‌ను కాగితం మీద రాసుకోండి, తర్వాత కావాలి. ఇప్పుడు మూడు కమాండ్లు:

ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ3ఎస్0 డౌన్
ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ3ఎస్0 నేమ్ ఈత్0
ఐపీ లింక్ సెట్ ఈత్0 అప్

డౌన్ అనగానే ఆ కార్డు మీదున్న రూట్లు (డేటా వెళ్లే దారులు) పోతాయి. మెషీన్ ముందు కూర్చుని చేసేవాళ్లకు ఫర్వాలేదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లాగిన్ అయి మొదటి కమాండ్ కొట్టారా, రెండోది కొట్టే అవకాశం మీకు ఉండదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. దూరం నుంచే చేయక తప్పకపోతే అడ్రస్ పెట్టే కమాండ్‌తో సహా అన్నీ ఒక ఫైలులో రాసి, దాన్ని నోహప్‌తో (లాగిన్ తెగినా పని ఆగకుండా చూసే కమాండ్) వెనక నడపండి. అంతకంటే ముందు "షట్‌డౌన్ -ఆర్ +10" కొట్టి ఉంచండి. ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో మెషీన్ తనంతట తానే రీబూట్ అయి, ఈ తాత్కాలిక మార్పు పోయి, మీరు మొదలుపెట్టిన చోటికే వస్తుంది. అంతా బాగుంటే "షట్‌డౌన్ -సీ"తో రద్దు చేయండి.

అసలు డౌన్ చేయకుండా గడిచే దారి ఒకటుంది. 2020 జనవరిలో వచ్చిన 5.5 కెర్నల్ నుంచి ఒక కార్డుకు మారుపేరు కూడా పెట్టొచ్చు:

ఐపీ లింక్ ప్రాపర్టీ యాడ్ డెవ్ ఈఎన్‌పీ3ఎస్0 ఆల్ట్‌నేమ్ ఈత్0

ఐపీ కమాండ్ ఈ మారుపేరును గుర్తుపడుతుంది కాబట్టి దానితో రాసిన స్క్రిప్టులు నడుస్తాయి. కానీ ఫైర్‌వాల్ నడిపే ఐపీటేబుల్స్ రూల్స్‌కు ఇది చాలదు, అవి అసలు పేరునే పోల్చి చూస్తాయి. సిస్ కింద క్లాస్, దాని కింద నెట్ ఫోల్డర్‌లో ఈత్0 అనే ఫోల్డర్ కూడా పుట్టదు. అక్కడి అంకెలు చదివే స్క్రిప్టు ఇంకా విరిగే ఉంటుంది.

రీబూట్ తర్వాతా నిలబడాలి: మూడు దారులు

ఒక కార్డున్న మెషీన్‌కు తేలికైనది కెర్నల్ వరుసలో, అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే ఆప్షన్ల వరుసలో, ఒక మాట చేర్చడం. ఆ మాట:

నెట్.ఇఫ్‌నేమ్స్=0

ఫోన్‌లో నేను చెప్పింది ఇలా: నెట్, చుక్క, ఐ, ఎఫ్, నేమ్స్ అన్నీ కలిపి, ఈక్వల్ గుర్తు, సున్నా. ఎక్కడా ఖాళీ వద్దు. డెల్ మెషీన్ అయి, బయోస్‌డెవ్‌నేమ్ అనే ప్యాకేజీ కూడా ఉంటే పక్కన ఖాళీ ఇచ్చి బయోస్‌డెవ్‌నేమ్=0 అని కూడా రాయాలి.

దీన్ని శాశ్వతం చేసేముందు ఒక్క బూట్‌కు పరీక్షించండి. మెషీన్ లేచేటప్పుడు కెర్నల్‌ను ఎక్కించే గ్రబ్ మెనూ కనిపించినప్పుడు ఇ నొక్కండి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివరికి వెళ్లి ఈ మాట చేర్చండి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే. తేడా కొడితే రీబూట్ చేస్తే సరి.

ఆ రాత్రి మేము బోల్తా పడింది సరిగ్గా ఇక్కడే. ఈత్0 వచ్చింది, స్క్రిప్టులు ఊపిరి పీల్చుకున్నాయి, కానీ ఐపీ అడ్రస్ రాలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. కారణం ఏమిటంటే, ఇన్‌స్టాలర్ తాను రాసిన నెట్‌వర్క్ ఫైలులో ఈఎన్‌పీ3ఎస్0 అని రాసి పెట్టింది. ఆ పేరున్న కార్డు కోసం అది ఎదురుచూస్తోంది, ఆ పేరును మేమే తీసేశాం. కాబట్టి రీబూట్‌కు ముందే ఆ ఫైలు కూడా మార్చుకోవాలి. ఉబుంటులో అయితే ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో చూడండి. డెబియన్‌లో ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ ఫైలు. నెట్‌వర్క్‌మేనేజర్ వాడుతుంటే కనెక్షన్‌లో ఇంటర్‌ఫేస్-నేమ్ అనే వరుస. మార్చేముందు ఒక కాపీ తీసుకోండి, ఆ కాపీని మాత్రం నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లోనే యామ్ల్ పేరుతో ఉంచకండి, అది దాన్ని కూడా చదువుతుంది.

పరీక్ష బాగుంటే శాశ్వతం చేయండి. డెబియన్, ఉబుంటులలో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైలు తెరిచి, గ్రబ్_సీఎండీలైన్_లైనక్స్ అని పెద్ద అక్షరాల్లో ఉన్న వరుసలో, కోట్ గుర్తుల మధ్య ఆ మాట చేర్చండి. తర్వాత "అప్‌డేట్-గ్రబ్" నడపండి. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఫైలు ముట్టుకోకుండా ఒకే కమాండ్‌తో అవుతుంది:

గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నల్=ఆల్ --ఆర్గ్స్="నెట్.ఇఫ్‌నేమ్స్=0"

ఆల్ పెద్ద అక్షరాల్లో. మనసు మారితే ఆర్గ్స్ స్థానంలో రిమూవ్-ఆర్గ్స్ అని రాసి మళ్లీ నడపండి. రెడ్ హ్యాట్ మాత్రం తన సిస్టమ్‌లో కొత్త పేర్లను ఇలా ఆపేయవద్దనే చెబుతుంది. కంపెనీ సపోర్ట్ తీసుకుంటున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రీబూట్ అయ్యాక ప్రోక్ కింద సీఎండీలైన్ ఫైలును క్యాట్‌తో చూస్తే ఆ మాట అక్కడ కనిపించాలి. కనిపించలేదంటే మీరు మార్చిన గ్రబ్ ఫైలు వేరు, మెషీన్ బూట్ అయినది వేరు.

రెండు కార్డులుంటే ఈ దారి తొక్కకండి. పైన చెప్పిన తారుమారు సమస్యను చేతులారా తిరిగి తెచ్చుకున్నట్టే. వాళ్లకు రెండో దారి: మ్యాక్ అడ్రస్‌ను బట్టి మనమే పేరు పెట్టడం. ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో 10-లాన్0.లింక్ అనే ఫైలు సృష్టించి నాలుగు వరుసలు రాయండి:

[మ్యాచ్]
పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్=కాగితం మీద రాసుకున్న మ్యాక్ అడ్రస్
[లింక్]
నేమ్=లాన్0

మ్యాచ్, లింక్, నేమ్ మాటల్లో మొదటి అక్షరం పెద్దది. రెండో వరుసలో పర్మనెంట్‌లో పీ, మ్యాక్ మూడక్షరాలూ, అడ్రస్‌లో ఏ పెద్దవి, మధ్యలో ఖాళీ లేదు. ఉత్త మ్యాక్‌అడ్రస్ అని రాసినా పనిచేస్తుంది గానీ వీల్యాన్, బ్రిడ్జ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లు అదే మ్యాక్‌ను పంచుకుంటాయి కాబట్టి వాటికీ ఇదే పేరు పెట్టబోయి గొడవ అవుతుంది. ఫైలు పేరు ముందున్న 10 ఊరికే పెట్టింది కాదు. సిస్టమ్‌తో వచ్చే ఫైలు 99తో మొదలవుతుంది, మనది దానికంటే ముందు చదవాలి.

ఈ ఫైలు బూట్ తొలి దశలోనే కావాలి. అందుకని డెబియన్, ఉబుంటులలో "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ", రెడ్ హ్యాట్ కుటుంబంలో "డ్రాకట్ -ఎఫ్" నడపండి. ఇది మరిచిపోయి, ఫైలు సరిగ్గానే ఉంది కదా పేరెందుకు మారట్లేదు అని గంటలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. వాళ్లలో నేనూ ఉన్నాను.

లాన్0 బదులు ఈత్0 అనే రాయొచ్చు కదా అంటారా? ఒక్క కార్డుంటే రాయొచ్చు, కెర్నల్ పెట్టిన పేరే నిలుస్తుంది. రెండుంటే మాత్రం వద్దు. రెండో కార్డుకు కెర్నల్ అప్పటికే ఈత్0 అని పెట్టి ఉంటే, మన కార్డుకు ఆ పేరు ఇవ్వబోతే ఇప్పటికే ఉందని తిరస్కరిస్తుంది. ఇది ఒక బూట్‌లో జరుగుతుంది, ఇంకో బూట్‌లో జరగదు. పట్టుకోవడం కష్టం. లాన్0, వాన్0 లాంటి కొత్త పేర్లు పెట్టి స్క్రిప్టుల్లో మార్చుకోవడమే నయం.

ఉబుంటులో ఇదే పని నెట్‌ప్లాన్ ఫైలులోనే చేయొచ్చు. కార్డు కింద మ్యాచ్, దాని కింద మ్యాక్‌అడ్రస్, పక్కనే సెట్-నేమ్ అని రాయాలి. అడ్రస్‌లూ రూట్లూ మార్చినప్పుడు "నెట్‌ప్లాన్ అప్లై" బదులు "నెట్‌ప్లాన్ ట్రై" వాడితే 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత స్థితికి అదే వెళ్లిపోతుంది. దూరం నుంచి చేసేవాళ్లకు ఇది పెద్ద ధైర్యం.

మూడో దారి కొందరికే. మీ స్క్రిప్టుల్లో ఉన్నది ఈత్0 కాదు, కొత్త తరహా పేరే, కానీ సిస్టమ్ అప్‌గ్రేడ్‌తో అది కూడా మారింది అనుకోండి.  సిస్టమ్‌డీ పేర్లు లెక్కగట్టే సూత్రాన్ని అప్పుడప్పుడూ సవరిస్తుంది, ఆ సవరణలకు వెర్షన్ నంబర్లున్నాయి. కెర్నల్ వరుసలో నెట్.నేమింగ్-స్కీమ్=వీ240 అన్నట్టు పాత వెర్షన్ రాస్తే పాత లెక్క ప్రకారమే పేరు వస్తుంది. రెడ్ హ్యాట్‌లో వెర్షన్ మాట ఆర్‌హెచ్‌ఈఎల్-8.0 తరహాలో ఉంటుంది.

రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకు ఇంత శ్రమ లేదు. 2017లో స్ట్రెచ్‌తో (డెబియన్ 9కి ముద్దుపేరు) ఆ బోర్డులకూ ఈఎన్‌ఎక్స్‌బీ827ఈబీ అని మొదలయ్యే పొడుగు పేర్లు వచ్చాయి. జనం గగ్గోలు పెట్టాక వాటిని డిఫాల్ట్‌గా ఆపేసి, రాస్పీ-కాన్ఫిగ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఒక స్విచ్ ఇచ్చారు. అక్కడ మార్చి రీబూట్ చేయడమే.

అరవని స్క్రిప్టులే ప్రమాదం

పేరు వెనక్కి వచ్చినా రాకపోయినా ఈ పని చేయండి. ఈత్0 అని ఎక్కడెక్కడ రాసి ఉందో వెతకండి:

గ్రెప్ -ఆర్ఎన్‌డబ్ల్యూ ఈత్0 /ఈటీసీ /యూఎస్ఆర్/లోకల్ /ఆప్ట్ /రూట్ /హోమ్ /వార్/స్పూల్/క్రాన్

ఫలితాల్లో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే స్క్రిప్టుల గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు, అవి తెల్లారేసరికి మీకు ఎలాగూ కనిపిస్తాయి. అసలు భయం ఐపీటేబుల్స్‌తో. లేని కార్డు పేరుతో రూల్ రాసినా అది కిక్కురుమనదు. "ఈత్0 నుంచి వచ్చేవి ఆపు" అనే రూల్ చక్కగా ఎక్కుతుంది, జాబితాలో కనిపిస్తుంది, కానీ ఈఎన్‌పీ3ఎస్0 నుంచి వచ్చే ఒక్క ప్యాకెట్‌నూ ఆపదు. డిఫాల్ట్ పాలసీ యాక్సెప్ట్‌లో (ఏ రూల్‌కూ తగలనివాటిని రానివ్వు అని) ఉంటే తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే. చూసేవాళ్లకు మాత్రం తాళం వేసినట్టు కనిపిస్తుంది. అందుకని ఇది నడపండి:

ఐపీటేబుల్స్ -ఎల్ -వీ -ఎన్

ఇందులో ఎల్ ఒక్కటీ పెద్ద అక్షరం. ప్రతి రూల్ ముందు ప్యాకెట్ల లెక్క ఉంటుంది. బాగా పని చేయాల్సిన రూల్ ఎదురుగా గంట తర్వాత కూడా సున్నా ఉంటే అనుమానించండి.

ఇంకో సంగతి, పేరు వెనక్కి తెచ్చినా బాగుపడని స్క్రిప్టులుంటాయి. ఐపీ అడ్రస్ తెలుసుకోడానికి ఇఫ్‌కాన్ఫిగ్ అనే పాత నెట్‌వర్క్ కమాండ్ అవుట్‌పుట్‌ను కోసుకునేవి. పాత ఇఫ్‌కాన్ఫిగ్ "ఇనెట్ ఆడర్" అని రాసి కోలన్ పెట్టి అడ్రస్ ఇచ్చేది. కొత్తది ఆడర్ అనే మాటా కోలనూ తీసేసి ఖాళీ పెట్టి ఇస్తుంది. కోలన్ దగ్గర కోసే స్క్రిప్టుకు ఇక దొరికేది శూన్యం. పైగా డెబియన్ 9 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లో ఇఫ్‌కాన్ఫిగ్ ఉండదు, నెట్-టూల్స్ అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. వేసుకున్నా వచ్చేది కొత్త తరహా అవుట్‌పుట్టే. ఈ స్క్రిప్టులను "ఐపీ -4 -ఓ అడ్రస్"కు మార్చడం తప్ప దారి లేదు.

మార్చేటప్పుడు ఈత్0 ఉన్న చోటల్లా ఇంకో పేరు అతికించకండి, రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే పని పడుతుంది. ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో మీ సొంత ఫైలు ఒకటి పెట్టి, అందులో కార్డు పేరు ఒక్కసారి రాయండి, స్క్రిప్టులన్నీ మొదటి వరుసలో ఆ ఫైలును చదివేలా చేయండి. ఒకే కార్డున్న మెషీన్‌లో పేరును అడిగి తెలుసుకోవచ్చు కూడా. "ఐపీ -ఓ రూట్ షో డిఫాల్ట్" కొడితే వచ్చే వరుసలో డెవ్ అనే మాట పక్కనున్నదే కార్డు పేరు. డిఫాల్ట్ రూట్ లేనప్పుడు ఆ వరుస ఖాళీగా వస్తుంది కాబట్టి, పేరు దొరక్కపోతే స్క్రిప్టు గట్టిగా అరిచి ఆగేలా రాయండి. ముఖ్యంగా ఫైర్‌వాల్‌ది.

ఆ ఆఫీసులో ఒకే కార్డు కాబట్టి మొదటి దారితోనే ఆ రాత్రి గడిచింది, తర్వాతి ఆదివారం కూర్చుని స్క్రిప్టులను ఒక్కొక్కటిగా మార్చాం. డేటా లెక్కల స్క్రిప్టు మాత్రం ఆ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా గంటగంటకూ సున్నా అని నమ్మకంగా రాసుకుంటూ పోయింది. ఫైలు దొరక్కపోతే సున్నా అనుకోమని అందులో రాసింది ఎవరా అని చూస్తే, ఏళ్ల కిందట నేనే.